చీటీలో వచ్చిన పుల్లీ

ఫిబ్రవరి 20, ఆదివారం

చర్చి ఆవరణలోకి తిరగ్గానే మా పాత కారు కీచుమని అరిచింది. లోపల మొదటి ప్రార్థన నడుస్తోంది. మెట్ల మీద చెప్పులు విప్పుతున్నవాళ్ళందరూ వెనక్కి తిరిగారు. తల పైకెత్తకుండా వచ్చి కూర్చున్నాను. యాభై ఏళ్ళదాన్ని, స్త్రీల సమాజంలో ప్రార్థన నడిపించేదాన్ని... రేసు బండి దిగి వస్తానని ఇప్పటికే నవ్వుకుంటారు.

మా ఆయన మాత్రం దిగేదాకా చెవి బండి వైపే పెట్టి ఉన్నారు. షుగర్ చూపు తీసుకుపోయాక చెవితోనే చూస్తారు. "క్రాంకు పుల్లీ, రత్నం. నడిమి రబ్బరు పోయింది. పై చక్రం జారుతోంది, అందుకే బెల్టు అరుస్తోంది."

రేసుల రోజుల్లో ఆయన తన చేతులతో కట్టుకున్న ఇంజను. దాని ముందు తిరిగే ఆ చక్రం... కొత్తది తేవాలి. తెచ్చేది నేనే.

ఫిబ్రవరి 22, మంగళవారం

రాణిగంజ్, బండి సామాన్ల షాపు. షాపాయన రెండు ముందు పెట్టాడు. ఒకటి నల్లగా, బరువుగా, పాతదాని లాంటిదే, మధ్యలో రబ్బరు. ఇంకొకటి అల్యూమినియంది. ఒకటే ముక్క. ఎర్ర రంగు. అరచేతిలో పెట్టుకుంటే ఏమీ లేనట్టే ఉంది.

"గిది ఏస్తె బండి ఉరుకుతది అమ్మా. పోరగాళ్ళు గిదే అడుగుతరు. మీకెందుకు గనీ..." నవ్వాడు. నేనూ నవ్వాను. చేతిలోంచి దించలేదు.

"రెండూ తీస్కపోయి సార్‌కు సుత చూపెట్టుండ్రి. వద్దన్నది వాపస్ తెండ్రి."

ఫిబ్రవరి 23, బుధవారం

ఆయన రెండింటినీ వేళ్ళతో తడిమారు. ఎర్రదాన్ని ఎక్కువసేపు.

"బాగుంది. ఇంజను ఇట్టే లేస్తుంది. కానీ రబ్బరు లేదు. క్రాంకు తిరిగేటప్పుడు లోపల వణుకు పుడుతుంది, దాన్ని మింగేది రబ్బరే. పాత ఇంజను... తట్టుకోవచ్చు, తట్టుకోకపోవచ్చు." రెండూ నా ఒళ్ళో పెట్టి, "నడిపేది నువ్వు. ప్రార్థన చేసి చీట్లు వెయ్యి. ఏది వస్తే అది."

ఈ ఇంట్లో అన్నీ అంతే. ఇల్లు మారినప్పుడూ అంతే, ఆయన కంటి ఆపరేషన్ అప్పుడూ అంతే. నేను తీసిన చీటీని ఆయన ఎన్నడూ కాదనలేదు.

ఇక్కడ మాత్రమే రాస్తున్నాను. పొద్దున్నే కార్ఖానా రోడ్డు ఖాళీగా ఉంటుంది. మూడో గేరులో కాలు కొంచెం నొక్కితే ఆ శబ్దం నా పొట్టలోకి వస్తుంది. ఆయన కోసమే నడుపుతున్నానని అందరికీ చెబుతాను. నాకు ఎర్రది కావాలి.

ఫిబ్రవరి 24, గురువారం

ఉపవాసం. మోకాళ్ళ మీద. రెండు చీట్లు: నలుపు, ఎరుపు. కళ్ళు మూసుకుని తీశాను.

నలుపు.

సరిగ్గా కలపలేదేమో అనుకున్నాను. మళ్ళీ అడిగినవాళ్ళు లేఖనాల్లో లేరా అనుకున్నాను. తీశాను. నలుపు.

మూడోసారి ఎరుపు వచ్చింది. వెంటనే ఆమేన్ అన్నాను.

ముందు గదిలోంచి, "ఏది వచ్చింది?"

"ఎర్రదండీ."

"స్తోత్రం," అన్నారు.

సాయంత్రం ఉపవాసం విడిచాను. ముద్ద గొంతు దిగదనుకున్నాను. దిగింది.

ఫిబ్రవరి 26, శనివారం

నల్లదాన్ని పొద్దున్నే వాపస్ ఇచ్చి వచ్చాను. త్వరగా.

ఇంజను తిరగకుండా నేను ఐదో గేరు వేసి బ్రేకు తొక్కి పట్టుకున్నాను. ఆయన బండి ముందు చాప పరుచుకుని, పడుకుని బోల్టు బిగించారు. మోచేతుల దాకా గ్రీజు. కూనిరాగం. "చూశావా, వేళ్ళకి ఇంకా అన్నీ గుర్తున్నాయి!" ఆయన్ని ఇలా చూసి ఎన్నాళ్ళయిందో.

ఫిబ్రవరి 27, ఆదివారం

ఎగిరింది బండి. గట్టిగా నవ్వేశాను.

"ఏమైంది రత్నం?"

"ఏం లేదండీ."

సాక్ష్యాల వేళ ఆయన ముందు బెంచీ పట్టుకుని లేచి నిలబడ్డారు. "చిన్న సామాను కొన్నా మా ఆవిడ దేవుణ్ణి అడగకుండా..." నేను చెవులు మూసుకోలేదు, అంతే. అందరూ స్తోత్రం అన్నారు.

బయట, నా పక్కన కూర్చునే సుగుణ వచ్చి చెయ్యి పట్టుకుంది. "మా పిల్లకి రెండు సంబంధాలు వచ్చాయి అక్కా. నీ చేత్తో చీట్లు వెయ్యవా? నీకైతే తప్పు రాదు."

ఒంట్లో బాగాలేదన్నాను. ఇంకో అబద్ధం.

మార్చి 6, ఆదివారం

ప్రభు బల్ల. తప్పు మనసులో దాచుకుని ఆ రొట్టె, రసం ముట్టకూడదు. ఆయన్ని ముందుకు నడిపించి, మోకరింపజేసి, వెనక్కి వచ్చి బెంచీలో కూర్చున్నాను.

దారిలో, "పక్కన నువ్వు లేవే?"

"కళ్ళు తిరిగాయండీ."

ఇంకేం అడగలేదు. అడిగి ఉంటే...

మార్చి 12, శనివారం

వేగం పెరిగితే పెడలు కాలి కింద అదురుతోంది. నాకు మూడు రోజులుగా తెలుసు. చెప్పలేదు. ఇవాళ ఆయన చెప్పు విప్పి అరికాలు కింద ఆనించారు. "వణుకు," అన్నారు. అంతలో డ్యాష్‌బోర్డు మీద ఆయిల్ లైటు వెలిగింది, ఆరింది, మళ్ళీ వెలిగింది. పక్కకి ఆపేశాను. ఆటోకి తాడు కట్టించి ఇంటికి తెచ్చుకున్నాం.

"ఆ వణుక్కి ఆయిల్ పంపు దెబ్బతిన్నట్టుంది. బోల్టు నేను సరిగ్గా బిగించలేదు."

మళ్ళీ చాప. మళ్ళీ తడిమారు. బోల్టు గట్టిగానే ఉంది. అయినా అదే మాట. "ఎక్కడో నా వేళ్ళు తప్పాయి."

మార్చి 14, సోమవారం

స్పానర్లు ఒక్కొక్కటీ కిరోసిన్ గుడ్డతో తుడిచి పెట్టెలో సర్దుతున్నారు. నేరేడ్‌మెట్‌లో ఉన్న తమ్ముడికి ఇచ్చేస్తారట. ఇంక ఇంజను ముట్టుకోరట.

"పుల్లీదే తప్పేమోనండీ." నా గొంతు నాకే వినపడలేదు.

ఆయనకి వినపడింది. "ఛ! అడిగి తెచ్చుకున్నదాన్ని అలా అనకు. తప్పు నా చేతులది."

చూపు పోయిన రోజు కూడా ఆయన ఇంత చిన్నగా మాట్లాడలేదు.

మార్చి 15, మంగళవారం

"ఏవండీ," అన్నాను.

"చెప్పు."

"...కాఫీ చల్లారిపోతోంది."

మార్చి 16, బుధవారం

ఈస్టరు ముందు వచ్చే శ్రమల దినాల కూడిక. ముగింపు ప్రార్థన నన్నే చెయ్యమన్నారు. చేశాను. ఎక్కడా తడబడలేదు. మాటలు వాటంతటవే వచ్చాయి. అదే భయంగా ఉంది.

మార్చి 17, గురువారం

భోజనం అయ్యాక పెట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. "రేపు తమ్ముడొచ్చి తీసుకెళతాడు. ముందు ఒక్కసారి అడుగుదాం. ఇచ్చెయ్యాలా, ఉంచుకోవాలా. నువ్వు రాయి, ఈసారి నేను తీస్తా. ఏది వస్తే అది."

ఇవ్వు. ఉంచు. రెండింటి మీదా 'ఉంచు' అనే రాయాలనిపించింది. రాయలేదు. రెండూ మడిచి ఆయన అరచేతిలో వేశాను. పెదవులు కదిలాయి, ఒకటి తీశారు, నా వైపు చాచారు.

"చదువు."

కళ్ళద్దాలు తెచ్చుకుంటానని లోపలికి వచ్చాను. అద్దాలు నా ముక్కు మీదే ఉన్నాయి.

చీటీ ఈ పేజీ మీదే ఉంది. విప్పలేదు. విప్పకుండానే 'ఉంచు' వచ్చిందని చెప్పేయొచ్చు. ఆయన మంచికే కదా. కానీ పెట్టె ఇంట్లో ఉన్నా చేతులు తప్పాయనే అనుకుంటారు. దాన్ని మళ్ళీ తెరవరు. చెప్పాల్సింది ఈ చీటీలో లేదు. చెబితే... ఇన్నేళ్ళ చీట్లన్నీ ఒక్కొక్కటే తలుచుకుంటారు. ఇల్లు. కంటి ఆపరేషన్. అవన్నీ ఒక్కసారే తీశాను ప్రభువా. ఆయన నమ్మాలి కదా.

"దొరికాయా రత్నం?"

"వస్తున్నానండీ."

"నిదానంగా వెతుక్కో," అంటున్నారు. "తొందరేం లేదు."