సన్నటి ఇత్తడి గొట్టం

అత్తయ్యకు,

మీరు కోపంగా వెళ్ళిపోయినప్పటినుంచి నాకు స్థిమితం లేదు. "ఎవడే వీడు? మీ మావయ్య గొంతు ఏం చేశావే?" అన్నారు. ఏం చేశానో చెబుతాను.

మీ పాత రికార్డు ప్లేయరులో మోటారు కొనకు తొడిగే, రికార్డు పళ్ళేన్ని తిప్పే ఇత్తడి గొట్టం అరిగిపోయింది. అలాంటిది ఇప్పుడెక్కడా దొరకదు. చదువుకున్నదానివి నువ్వే చెయ్యమని నాన్న నాకప్పగించారు. లెక్కగట్టి కొత్తది చేశాను. మావయ్య పాట రికార్డు సరైన వేగంతోనే తిరిగింది. ఆయన పాడిన రోజున ఉన్న గొంతే వచ్చింది.

తేడా పాతదానిలో ఉంది. నాన్నను నిలదీస్తే నవ్వేశారు.

"మీ మావయ్య చనిపోయిన ఏడాదే అసలుది విరిగింది. అక్కది ఒకటే ఏడుపు. చేతికందిన ఇత్తడి పెన్ను మూత కోసి తొడిగాను. కాస్త సన్నం. పాట పలికిందిగా, ఇంకేం కావాలే?"

అది సన్నం కాబట్టి రికార్డు నెమ్మదిగా తిరిగి గొంతు బరువెక్కింది. ఇన్నేళ్ళూ మీరు విన్నది ఆ గొంతునే.

మళ్ళీ సన్నటి గొట్టమే చేసి తొడిగి పంపుతున్నాను. మీరెరిగిన మావయ్యే మీకు వినిపిస్తారు.

నేను లెక్కగట్టి చేసిన గొట్టం విప్పేముందు సరైన వేగంలో ఒంటరిగా ఒకసారి విన్నాను. పాట ఎత్తుకునే ముందు ఎవరో ఊపిరి పీల్చుకున్నారు. వెనక్కి తిరిగి చూశాను.

ఆ గొట్టం పారేయడానికి మనసొప్పడం లేదు అత్తయ్యా. దానిమీద పాడేది ఇరవయ్యేళ్ళు నిండని కుర్రాడు. అతన్ని గుర్తుపట్టేవాళ్ళు ఇప్పుడు ఒక్కరూ లేరు.

మీ మేనకోడలు