మాత్ర మానాల్సిన ఏడు రోజులు

చిరంజీవి అమ్మడికి,

నాన్న దీవించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ మీ అమ్మ కులాసాగా ఉంది. నేనూ క్షేమమే అని రాయడం మామూలు. ఈసారి ఆ మాట రాయడానికి చెయ్యి రావడం లేదు.

నీ ఉత్తరం అంది రెండు నెలలు దాటింది. నీకిచ్చిన ఐదో తరగతి పిల్లలు అల్లరి తగ్గించారని రాశావు, సంతోషం. ఈమధ్య నువ్వు ఫోన్లో నా ఆరోగ్యం అడిగినప్పుడల్లా మీ అమ్మ "నాన్నే రాస్తార్లే" అని మాట దాటేస్తోంది కదా. ఆ రాయాల్సింది ఇప్పుడు రాస్తున్నాను. ముందు నీ ప్రశ్నలకు జవాబులు.

నెమ్మదిగా నమిలి తింటున్నానా అని అడిగావు. తింటున్నాను. ఎంత నెమ్మదిగా అంటే, మీ అమ్మ గిన్నెలన్నీ తోమేసి వచ్చి, "ఆ పళ్ళెం కూడా ఇచ్చేస్తే నా పనైపోతుంది" అని ఎదురుగా నిలబడుతోంది. టీ మానేశాను. కారం మానేశాను. మంచానికి తలవైపు కోళ్ళ కింద మూడేసి టైలు ముక్కలు పెట్టి ఎత్తు చేశాను. ముప్పై ఏళ్ళుగా ఎవరింట్లో నేల వేసినా వెంట్రుకవాసి వాలు లేకుండా రసమట్టం పెట్టి చూసుకున్నవాణ్ణి, ఆఖరికి నా మంచాన్ని నేనే వంకర చేసుకున్నాను. తెల్లారేసరికి కాళ్ళవైపు జారిపోతున్నానని మీ అమ్మ సణుగుడు.

ఇక నువ్వు పంపిన పుస్తకం. ఊపిరి పీల్చి వదులుతూ మనసు నిమ్మళంగా ఉంచుకోవాలని చెప్పేది. నలభై పేజీలు చదివాను. ఊపిరి బాగానే ఆడుతోంది. ఛాతీలో మంట మంటలాగే ఉంది.

ఆ పుస్తకం చూసి నాకు చాలా కోపం వచ్చింది తల్లీ. "రిపోర్టులో ఏమీ లేదన్నారు కదా నాన్నా, ఇక దాని గురించే ఆలోచించకు, సగం జబ్బు భయమే" అని రాశావు. నువ్వొక్కదానివే కాదు, అందరిదీ అదే పాట. కెమెరా గొట్టం మింగించి చూస్తే లోపల పుండు లేదన్నారు. తర్వాత ముక్కులోంచి సన్నటి తీగలాంటి గొట్టం దించి, నడుముకి డబ్బా కట్టి, కడుపులో ఆమ్లం ఎన్నిసార్లు పైకి వస్తోందో ఒక రోజంతా కొలిచారు. డాక్టరు గారు ఆ రిపోర్టు చూసి, "అందరికీ ఉన్నంతే ఉందయ్యా. ఈ మాత్రలు నీకు అనవసరం. ఏమన్నా దిగులుంటే కూడా ఇలా అనిపిస్తుంది," అన్నారు. ఆమ్లం తగ్గడానికి వేసుకుంటున్న ఆ మాత్రలు ఆపేయమన్నారు. మీ అమ్మ మిగిలిన అట్టను ఆ సాయంత్రమే చెత్తబుట్టలో పడేసింది.

ఆ తర్వాత నెల రోజులు నేను పడ్డది పగవాడికి కూడా వద్దు. మోకాళ్ళ మీద కూర్చుని, తల నేలకి వంచి టైలు సర్దుతుంటే పొట్టలోంచి నిప్పు పాకినట్టు ఛాతీలోకి, అక్కణ్ణుంచి గొంతులోకి. నోట్లోకి పుల్లటి నీళ్ళు. లేచి నిలబడి, కాస్త తగ్గాక మళ్ళీ కూర్చోవడం. రోజుకి రెండు గదులు పరిచే చెయ్యి ఒక్క వంటింటికి మూడు రోజులు తీసుకుంది. పొద్దున లేస్తే గొంతు బొంగురు. మందుల షాపులో చీటీ లేనిదే మాత్ర ఇవ్వనన్నాడు. ఇంట్లో చెబితే "రిపోర్టు బాగుంది కదా!" ఈ మాట వినీ వినీ ఆ రిపోర్టుని చించి పొయ్యిలో పెట్టాలనిపించేది.

చివరికి ఒకరోజు భోజనం దగ్గర పొలమారి, కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటే మీ అమ్మ విసుక్కుంది. "అంతా బాగుందని డాక్టరే చెప్పాక ఇంకా ఎందుకండీ ఈ నాటకం?"

నా నోట్లోంచి ఊడిపడింది. "నాది కాదే నాటకం. ఆ రిపోర్టే నాటకం!"

ఆ రోజు మీ అమ్మకు చెప్పిందే ఇప్పుడు నీకు చెబుతున్నాను. ఫోన్లో చెప్పే ధైర్యం లేక ఇన్నాళ్ళూ ఆగాను.

పరీక్షకు ముందు ఏడు రోజులు మాత్ర వేసుకోకూడదని నువ్వే కదా పదిసార్లు గుర్తుచేశావు. నాలుగు రోజులు పళ్ళు బిగబట్టుకుని ఆగాను. ఐదోరోజు కొత్త మేడలో స్నానాల గది పని. ఒంగి మూల టైలు కొలుస్తుంటే ఒక్కసారిగా పైకి తన్నుకొచ్చింది. బయటికి పరుగెత్తి గోడ పక్కన ఉమ్మేశాను. ఇంటాయన వెనకే వచ్చాడు. నా దగ్గర పుల్లటి వాసన వేసిందేమో, "ఏంటి మేస్త్రీ, పొద్దున్నే తాగొచ్చావా?" అన్నాడు. అక్కడ పనిచేస్తున్న కరెంటువాళ్ళు, రంగులవాళ్ళు అందరూ విన్నారు. జన్మలో చుక్క ముట్టనివాణ్ణి. ఇంటికొచ్చి, మీ అమ్మ పెరట్లో బట్టలారేస్తుంటే, మాత్ర వేసేసుకున్నాను. ఆరోరోజు కూడా వేసుకున్నాను. ఏడోరోజు కూడా.

పరీక్ష చేసే అమ్మాయి నీ ఈడుదే. గొట్టానికి మందు రాస్తూ, "ఏడు రోజులూ మాత్ర ఆపారు కదండీ?" అని అడిగింది.

"ఆపానమ్మా," అన్నాను.

అంతే జరిగింది. మాత్ర అణచిపెట్టిన ఆమ్లాన్ని ఆ డబ్బా ఎక్కణ్ణుంచి పట్టుకుంటుంది? ఒక్క చిన్న అబద్ధానికి నా జబ్బు నా భ్రమ అయిపోయింది. అందరి మీదా కేకలు వేశాను, ఎవరి తప్పూ లేదని తెలిసి కూడా.

విన్నాక మీ అమ్మ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడోరోజు పొద్దున్నే చెప్పులు వేసుకుని గుమ్మంలో నిలబడింది. "పదండి ఆస్పత్రికి. ఈసారి నేనూ వస్తా."

పరీక్ష చేసిన ఆ అమ్మాయి దగ్గర నిజం చెప్పాను. తిడుతుందనుకున్నాను. "ఐదోరోజు ఏమైంది?" అని అడిగింది. ఇంటాయన మాట కూడా చెప్పాను. "ఆగలేక వేసుకునేవాళ్ళు చాలామందే ఉంటారు. వచ్చి చెప్పేవాళ్ళే తక్కువ," అంది. తర్వాత, "తట్టుకోలేకపోతే పరీక్ష ముందురోజు వరకూ మంట చల్లార్చే తెల్లటి టానిక్కు తాగొచ్చని మేమిచ్చిన కాగితం వెనకవైపు రాసుంటుంది కదండీ, చూళ్ళేదా?" అంది.

నేను కాగితం తిప్పలేదమ్మడూ. ముందువైపు చదివి మడిచి జేబులో పెట్టుకున్నాను. వెనక్కి తిప్పి ఉంటే ఈ రెండు నెలల నరకం ఉండేదే కాదు. ఆస్పత్రి మెట్ల మీద నా తల నేనే కొట్టుకుంటుంటే మీ అమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది.

రెండో పరీక్ష పోయిన వారం అయింది. ఈసారి ఏడు రోజులూ టానిక్కుతోనే నెట్టుకొచ్చాను. ఇంట్లో కూర్చోకుండా మామూలుగా పని చేసుకోమన్నారు కాబట్టి, ముక్కులో గొట్టం, చెంప మీద ప్లాస్టరు, నడుముకి డబ్బాతో ఆ మేడకే వెళ్ళాను. మంట వచ్చినప్పుడల్లా డబ్బా మీద మీట నొక్కాలి. ఇంటాయన చూసి, "ఇదేంటి మేస్త్రీ?" అన్నాడు. "ఆరోజు మీకు వేసిన వాసన ఎక్కణ్ణుంచి వచ్చిందో కనిపెట్టే మిషనండీ," అన్నాను. కాసేపటికి ఆయనే ఒక కుర్చీ తెప్పించి గుమ్మం పక్కన వేయించాడు. సాయంత్రానికి ముప్పై ఒక్కసార్లు నొక్కాను.

మొన్న రిపోర్టు ఇచ్చారు. ఆమ్లం ఉండాల్సినదానికి మూడింతలు పైకి వస్తోందట. నేను మీట నొక్కిన చోటల్లా గీత పైకి లేచి ఉంది. జబ్బు ఉందంటే సంతోషపడ్డవాణ్ణి నేనొక్కణ్ణే అయుంటాను. ఆ సంతోషం పావుగంట కూడా నిలవలేదులే. మాత్రలు ఏళ్ళ తరబడి వేసుకోవాలట. అన్నవాహిక ఎంత గట్టిగా బిగుసుకుంటోందో చూడటానికి వచ్చే నెల ఇంకో గొట్టం. అది బాగుంటే ఆపరేషను సంగతి ఆలోచిద్దామన్నారు. పనిలో ఒంగొద్దన్నారు. "నేలలు పరిచేవాడు ఒంగకుండా ఎలా పరుస్తాడండీ?" అని అడిగితే, డాక్టరు గారు రాస్తున్న కాగితం మీంచి తల ఎత్తలేదు.

"ఎన్నేళ్ళ నుంచి ఉంది ఈ బాధ?" అని మాత్రం అడిగారు.

"నాలుగేళ్ళండీ," అన్నాను.

"పదకొండు," అంది మీ అమ్మ.

నేను తిరిగి చూశాను. ఆవిడ డాక్టరు గారి వైపే చూస్తోంది. "మా అమ్మాయి ఏడో తరగతిలో ఉన్నప్పుడు మొదలైంది. అప్పట్నుంచీ వారానికి రెండు మూడు రాత్రులు గోడకి ఆనుకుని కూర్చునే నిద్రపోతారు. అడిగితే నడుం నొప్పి అంటారు. నేనూ అదే అనుకున్నట్టు ఊరుకున్నాను."

నన్ను నమ్మేవాళ్ళే లేరని నెల రోజులు ఇల్లు పీకి పందిరేసిన మనిషిని. నమ్మడానికి నేను ఎవరికి ఏం చెప్పాను?

నీ పుస్తకం మీద కోపం పోయింది. నీకు అందింది తప్పుడు రిపోర్టు, దాన్ని బట్టి నువ్వు చేసింది సబబే. చిన్నప్పుడు నువ్వు అబద్ధమాడితే నీతో రెండేసి రోజులు మాట్లాడేవాణ్ణి కాదు. అది తప్పని ఇప్పుడు అనిపిస్తోంది. నువ్వు మాత్రం అలా చేయకు. తిట్టాలనుంటే తిట్టు, కానీ ఉత్తరం అందిన రోజే ఫోన్ చెయ్యి. నేనే ఎత్తుతాను.

ఇట్లు,
నీ మాట ఒక్కటి వినక, నీకు నిజం చెప్పలేక పోయిన
మీ నాన్న