కొన్నది అని రాశాడు

మార్చి 4

తుపాకీ ట్రిగ్గర్ చుట్టూ ఉండే గార్డు పూర్తయింది. పదకొండు రోజులు పట్టింది. ఒకే ఇత్తడి పట్టీని వంచి, ఆకురాయితో అరగదీసి, వేలికి ఎక్కడా గీరుకోకుండా నున్నగా తెచ్చాను. గోళ్ళ సందుల్లో ఇత్తడి పొడి. ముద్ద నోట్లో పెట్టుకున్నా అదే వాసన.

అన్నయ్య చేస్తున్నది మూతిలోంచి మందు కూరి పేల్చే పాతకాలపు రైఫిల్. గొట్టం, కొయ్య తన పని. ఇత్తడి మొత్తం నాది. నాన్న ఇద్దరికీ అలాగే పంచి నేర్పాడు. అన్నయ్య గార్డుని అటూ ఇటూ తిప్పి చూసి, ఫర్వాలేదు అన్నాడు. ఆయనగారి నోట్లోంచి అంతకంటే రాదు.

మార్చి 9

కొయ్య చివర, భుజానికి ఆనే బట్ ప్లేటు బిగింపు. ప్లేటు వెనక దీపం మసి పూసి కొయ్య మీద అదిమితే, ఎత్తుగా ఉన్నచోటల్లా నల్ల మచ్చ పడుతుంది. ఆ మచ్చని ఉలితో గీకాలి. మళ్ళీ పూయాలి, మళ్ళీ అదమాలి. ఇవాళ నలభై సార్లు. ఇప్పుడు ఇత్తడికీ కొయ్యకీ మధ్య కాగితం కూడా దూరదు. వదిన నా మొహం చూసి, రైలింజన్ తోలుకొచ్చావా అంది. ఇద్దరం పడీపడీ నవ్వాం.

మార్చి 15, మధ్యాహ్నం

ఒళ్ళు మండిపోతోంది.

మార్చి 15, సాయంత్రం

ఇప్పుడు రాస్తాను. ఇవాళ తుపాకుల క్లబ్బువాళ్ళ ప్రదర్శన. ప్రతి తుపాకీ పక్కనా ఒక ఫారం పెడతారు. ఏ భాగం ఎవరు చేశారో గడుల్లో రాయాలి. గొట్టం: తన పేరు. కొయ్య: తన పేరు. ఇత్తడి పని: కొన్నది.

కొన్నదట! ఒక్క భాగం కొన్నా చేతిపని విభాగంలోంచి తీసేస్తారు. అది తెలిసే రాశాడు. మొదటి బహుమతి వదులుకోడానికైనా సిద్ధపడ్డాడు గానీ నా పేరు రాయడానికి చెయ్యి రాలేదు. కళ్ళద్దాల జడ్జి గార్డు మీద వేలు పెట్టి, ఇంత బాగా చేసేవాళ్ళు ఇంకా ఉన్నారా, ఏ షాపండీ అని అడిగాడు. ఆ షాపు మూసేశారని అన్నయ్య జవాబు. నేను రెండడుగుల దూరంలో, నిక్షేపంలా బతికే నిలబడి ఉన్నాను.

బస్సులో నిలదీశాను. ఇన్నేళ్ళూ ఇంట్లో ఎవరి సాయమూ లేదని చెప్పుకున్నాను, నా పేరు రాస్తే ఎలా చేశావని అడుగుతారు, ఇప్పుడు చెల్లెలు చేసిందంటే మొహం ఎక్కడ పెట్టుకోను అన్నాడు. పేరు రాస్తే నీకేం ఒరుగుతుంది అని కూడా అన్నాడు. ఒరగదా? ముప్ఫై ఏళ్ళుగా ఈ చేతులు ఎవరివనుకుంటున్నాడు?

మార్చి 16

ఆరు స్క్రూలూ విప్పి నా ఇత్తడి నేను తెచ్చేసుకున్నాను. కొయ్యలో గుంటలు మిగిలాయి. కొన్నచోటే ఇంకోటి కొనుక్కోమన్నాను.

మార్చి 18

వదిన రాయబారం వచ్చింది. పోనీలే, తోడబుట్టినవాడు కదా అంది. తోడబుట్టింది నేను కూడానని చెప్పి పంపాను.

మార్చి 19

గోడ అవతల తన గదిలో అన్నయ్యే గార్డు వంచుతున్నాడు. టక్‌మంది. విరిగింది.

మార్చి 20

ఇంకో రెండు విరిగాయి. వినడానికి హాయిగానే ఉంది, అబద్ధమెందుకు. కానీ మంచి ఇత్తడి అలా పాడవుతుంటే ప్రాణం ఊరుకోదు. అన్నయ్యకి ఉక్కు సంగతే తెలుసు. ఉక్కుని ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచితే గట్టిపడుతుంది. ఆ భయంతో ఇత్తడిని కాల్చకుండానే వంచుతున్నాడు. ఇత్తడి తీరే వేరు, కాల్చి ముంచితే మెత్తబడుతుంది.

ఉండబట్టలేక కిటికీలోంచి తల పెట్టి చెప్పాను. కాల్చు, ముంచు, అప్పుడు వంచు అన్నాను. తలెత్తకుండా ఆకురాయి అందుకున్నాడు. విన్నాడని మాత్రం తెలుసు.

మార్చి 21, ఉదయం

నాలుగోది విరగలేదు. ఆలోచించగా ఆలోచించగా కిటుకు తనకే తట్టిందని వదినతో చెబుతున్నాడు.

మార్చి 21, పదింటికి

క్లబ్బుకి ఫోన్ చేశాను. ఫారంలో ఒక గడి దిద్దాలన్నాను. ఇత్తడి పని ఎవరిదని అడిగారు. గోడ అవతలికి వినపడేలా చెప్పాను.