ఏరియల్ కాయిలు నా చేత్తోనే

1981 మే 1, శుక్రవారం. ఉదయం 7.00

సెలవులు మొదలయ్యాయి. జూన్ దాకా బడిలో సైన్సు చెప్పే పని లేదు. ఇంట్లో సైన్సు చెయ్యాల్సిన పని మాత్రం ఒకటి ఉంది. దానికోసమే ఈ డైరీ.

విషయం: నా భార్య రూతు పాడిన నాట్ల పాట ఈ నెల 14, గురువారం, మధ్యాహ్నం పన్నెండున్నరకి విజయవాడ రేడియోలో వస్తుంది. మార్చిలో వెళ్ళి పాడి వచ్చింది. తేదీ చెబుతూ నిన్న ఉత్తరం వచ్చింది. బైబిల్లో పెట్టుకుంది.

ఇబ్బంది: మా ట్రాన్సిస్టరు. విజయవాడ పట్టదని అనలేం. పడుతుంది, మూకుట్లో పోపు వేగుతున్న చప్పుడుతో.

కారణం కనిపెట్టాను. లోపల వేలంత నల్ల కడ్డీ ఉంటుంది. దాని మీద రాగి తీగ చుట్ట. అదే ఏరియల్ కాయిలు. గాలిలో వచ్చే పాటని పట్టేది అదే. చుట్ట సరైన చోట లేకపోతే పట్టు తగ్గుతుంది. అటూ ఇటూ జరిపి, ఎక్కడ గట్టిగా వినిపిస్తే అక్కడ మైనంతో అతికించాలి. అంతే! ట్రైనింగులో ఇచ్చిన పుస్తకంలో పేజీన్నర కూడా లేదు.

తీర్మానాలు:
1. నా చేత్తోనే. షాపు గడప తొక్కను.
2. రోజుకి అరగంట. అంతకు మించి వద్దు.
3. ఒకసారికి గోరు మందం జరపాలి.
4. కోపం తెచ్చుకోను.

ఇంకా పదమూడు రోజులున్నాయి. దేవుడు లోకాన్నంతా ఆరు రోజుల్లో ముగించాడు.

మే 2, శనివారం. 9.30

మూత తీశాను. నాలుగు స్క్రూలు. ఐదోది ఎప్పుడు పోయిందో తెలీదు. రూతు వాటికోసం చేట ఇచ్చింది.

జాగ్రత్త: ఇనుము దగ్గరికొస్తే కాయిలు లెక్క తప్పుతుంది. కాబట్టి స్క్రూడ్రైవరుతో తొయ్యకూడదు. కొబ్బరి ఈనె శ్రేష్ఠం. కొత్త చీపురులోంచి నాలుగు లాగాను. పాత చీపుర్లో లేవా అని రూతు అడిగింది. పాతవి వంగుతాయని సైన్సు ప్రకారం వివరించాను.

ఈనెలు చెక్కుతుంటే పక్కన కూర్చుని ఒక మాట చెప్పింది. మా అత్తగారు పాపాయమ్మ నాట్లలో ముందు పాడేవారు, వరసలో మిగతావాళ్ళు అందుకునేవారు. ఆవిడ పోయి రెండేళ్ళు. ఆ గొంతు ఎక్కడా పట్టి ఉంచలేదు. విజయవాడలో రికార్డు చేశాక, ఒక్కసారి వినిపించమని అడగటానికి రూతు మొహమాటపడిందట.

"మా అమ్మ గొంతు నాకు వచ్చిందో లేదో బయటినుంచి వింటేనే కదండీ తెలిసేది" అంది.

వినిపిస్తానని మాటిచ్చాను.

మే 3, ఆదివారం

పని లేదు. ఆరాధనకి వెళ్ళాం. ప్రసంగం ఏ వాక్యం మీదో గుర్తు లేదు.

మధ్యాహ్నం 2.00. చూడటం పని కిందకి రాదు. మూత తీసి చూశాను.

2.20. చూస్తుండగా చెయ్యి తగిలింది.

మే 5, మంగళవారం. 10.00

మైనం గట్టిగా ఉంది. వేడి గరిటె దగ్గర పెట్టి కరిగించాను. తిరిగి అతికించడానికి క్రిస్మస్ కొవ్వొత్తుల ముక్కలు సిద్ధం.

కాయిలు కదిలింది! కుడికి జరిపాను, విజయవాడ గొంతు తగ్గింది. ఎడమకి జరిపాను, ఇంకా తగ్గింది. అంటే మొదట ఉన్న చోటే మెరుగా? అది ఎక్కడుందో గుర్తు పెట్టుకోలేదు. పిల్లలకైతే 'ప్రయోగానికి ముందు కొలతలు రాసుకోవాలి' అని బోర్డు మీద రాయిస్తాను.

మే 6, బుధవారం

కాయిలు పక్కన, ఎర్ర తల ఉన్న బుల్లి డబ్బా ఒకటుంది. దాన్ని తిప్పమని పుస్తకంలో లేదు. తిప్పవద్దనీ లేదు. తిప్పాను.

విజయవాడ మాయం.

అరగంట వెతికితే విశాఖపట్నం ఉండాల్సిన గీత దగ్గర దొరికింది. రూతు ముల్లు వంక చూసి, "రాత్రికి రాత్రే ఊరు అంత దూరం పోయిందాండీ" అంది. నాకు కోపం రాలేదు. గరిటె కొంచెం గట్టిగా కింద పెట్టాను, అంతే.

మళ్ళీ విజయవాడని విజయవాడలో పెట్టేసరికి మూడు గంటలు. రెండో తీర్మానానికి చిన్న సవరణ: రోజుకి అరగంట అంటే నెల మొత్తం మీద సగటున.

మే 8, శుక్రవారం

ఎండ. మైనం గట్టిపడటం లేదు, కాయిలు జారుతోంది. తప్పు నాది కాదు, మే నెలది. మధ్యాహ్నం పడుకున్నాను.

మే 9, శనివారం. 11.20

పట్టింది!

కిటికీ పక్క ట్రంకుపెట్టె మీద రేడియో పెట్టుకుని, ఈనెతో వెంట్రుకవాసి జరిపాను. మూకుడు పొయ్యి మీంచి దించినట్టు చిటపట ఆగిపోయింది. ధాన్యం ధరలు చదివే ఆయన ఊపిరి కూడా వినిపించింది. వెంటనే మైనం పోశాను. రూతు చేతులు తుడుచుకుంటూ వచ్చి, ధరలు చివరిదాకా నిలబడి వింది. మాకు సెంటు భూమి లేదు.

మా బడి అటెండరు లాజరు వచ్చి విని, ఊరంతా చెప్పడానికి వెళ్ళాడు.

సాయంత్రం రైసుమిల్లు వారి ఇల్లాలు రత్నమాణిక్యం గారు అతని చేతే కబురు పంపారు. పద్నాలుగున వాళ్ళ వీధి అరుగు మీద పెద్ద రేడియో పెడతారట. పాట పాడిన మనిషి అక్కడ ఉంటే బాగుంటుంది, రూతుని రమ్మన్నారట. అక్కర్లేదండి, మా ఇంట్లోనే బ్రహ్మాండంగా వస్తోందని జవాబు పంపాను.

వెళ్తే ఏం పోతుందని రూతు అడిగింది. నా మీద నమ్మకం లేదా అన్నాను. ఉందంది.

మే 12, మంగళవారం

పద్నాలుగున రేడియో ఎక్కడ పెట్టాలో చూసుకున్నాం. ముందుగదిలో బల్ల మీద, రూతు అల్లిన గుడ్డ పరిచి, దాని మీద. ట్రంకుపెట్టె మీంచి తీసి అక్కడ పెట్టాను.

పోపు.

మళ్ళీ పెట్టె మీద పెట్టాను. బ్రహ్మాండం. బల్ల మీద: పోపు. పెట్టె మీద: బ్రహ్మాండం. ఆరుసార్లు తిప్పాక అర్థమైంది. ఇనుము తగలకూడదని చీపురు పాడుచేసి ఈనెపుల్లలు చెక్కుకున్న మనిషిని, వారం రోజులుగా రేడియోని మణుగు ఇనుము మీద పెట్టి సరిచేశాను. పెట్టె లెక్క కూడా కాయిలు లెక్కలో కలిసిపోయింది.

రూతు కాసేపు ఆలోచించి, "పెట్టె మీదే ఉంచితే సరిపోతుంది కదండీ. వినేది పాటేగా" అంది.

సరిపోతుంది. ఎలా చూసినా సరిపోతుంది. కాని సైన్సు మాస్టారి రేడియో ట్రంకుపెట్టె ఎక్కితేగాని పలకదంటే ఊళ్ళో నలుగురూ ఏమంటారు? రేపు ఒక్క గంట. బల్ల మీద పెట్టి కొత్తగా సరిచేసేస్తాను.

మే 13, బుధవారం

8.00. మైనం కరిగించాను.

8.40. కాయిలు కదలదు. కొవ్వొత్తి మైనం లోపలిదాకా పోయింది.

9.10. కొంచెం గట్టిగా తోశాను. తీగ తెగింది.

అది ఒక తీగ కాదు. వెంట్రుకలంత సన్నని పోగులు ఏడెనిమిది కలిపి పేనింది. కళ్ళద్దాలు పెట్టుకుంటే ఐదు కనిపిస్తున్నాయి, తీస్తే ఒకటీ కనిపించదు.

11.00. మేకు కాల్చి, సీసం కరిగించి అతుకు వేద్దామనుకున్నాను.

11.20. కాయిలు చుట్టిన అట్టగొట్టం మాడింది. ఇల్లంతా కంపు.

సాయంత్రం రూతు అడిగింది, అవుతుందా అని. రేపటికి అయిపోతుందన్నాను. అవ్వదని అప్పటికే నాకు తెలుసు. ఈ పదమూడు రోజుల్లో చేసిన తప్పులన్నిటిలో పెద్దది ఇదే.

మే 14, గురువారం

11.45. రూతు తల దువ్వుకుని, చర్చికి కట్టే నీలం చీర కట్టుకుని, బల్ల ముందు కూర్చుంది.

12.10. లాజరు వచ్చాడు. అరుగు నిండిపోయిందట, రత్నమాణిక్యం గారు ఇంకా కుర్చీ ఉంచారట, రూతుని రమ్మంటున్నారట. రూతు గుమ్మం దాకా వెళ్ళి, "మా ఆయన బాగుచేస్తున్నారు, అయిపోవచ్చింది, నేను వస్తే ఆయన ఒక్కరే వినాలి" అని చెప్పి పంపింది. వెళ్ళమని నేను అనాల్సింది. నోరు తెరిస్తే అబద్ధం బయటపడుతుందని, కాయిలు మీద ఇంకా కిందికి వంగాను.

12.30. చప్పుడు లేదు.

12.37. లేదు.

12.45. రూతు లేచి, నేల మీది స్క్రూలు ఏరి చేటలో వేసింది. అన్నానికి రమ్మంది.

5.00. సంపూర్ణమ్మ వచ్చింది. మా అత్తగారితో నలభై ఏళ్ళు నాట్లు వేసిన మనిషి. అరుగు కింద నిలబడి విందట.

"మీ అమ్మే పాడతందనుకున్నానే. ముందు వరసలోంచి తిరిగి చూసి నన్ను పిలిచినట్టే ఉంది" అంది.

రూతు, నిజంగానా పిన్నీ అని రెండుసార్లు అడిగింది. సంపూర్ణమ్మ వెళ్ళాక వంటింట్లోకి వెళ్ళి ఏడ్చింది. ఊరంతా విన్న పాట పాడినావిడ వినలేదు, ఆవిడ మొగుడూ వినలేదు. నాకు సిగ్గుగా ఉంది. డైరీలో రాస్తే తగ్గుతుందేమోనని రాస్తున్నాను. తగ్గలేదు.

మే 15, శుక్రవారం

పాట నా ముందు పాడమని అడిగాను. "నేను పాడితే నాకు లోపలినుంచే వినిపిస్తుందండి" అంది. కోపంగా అనలేదు. కోప్పడినా బాగుండేది.

రేడియో వాళ్ళకి ఉత్తరం రాశాను. పాటని మళ్ళీ ఒకసారి వెయ్యమని. తప్పు పూర్తిగా నాదని, కాయిలు సంగతి మొదటినుంచి వివరంగా, నాలుగు పేజీలు.

మే 18, సోమవారం

మండపేట వెళ్ళాను. షాపు గడప తొక్కనని మొదటి తీర్మానం. అచ్చిబాబు రేడియోలు బాగుచేసేది బడ్డీకొట్టులో. దానికి గడప లేదు.

మూత తీసి, చాలాసేపు చూసి, దీన్ని ఇలా చేసిందెవరండీ అని అడిగాడు. బడిపిల్లలన్నాను. కొత్త కాయిలు ఎక్కించి, చెక్కబల్ల మీద పెట్టి, కూనిరాగం తీస్తూ పది నిమిషాల్లో సరిచేశాడు. ఏం చేస్తున్నాడో చూద్దామని ముందుకి వంగితే, "మాస్టారూ, కొంచెం వెలుగు వదలండి" అన్నాడు.

మే 27, బుధవారం

జవాబు వచ్చింది! జూన్ 11, గురువారం, అదే సమయానికి మళ్ళీ వేస్తారట. రూతు రెండుసార్లు చదివింది. చాలా రోజులకి నవ్వింది.

మే 28, గురువారం. ఉదయం 7.00

రేడియో బాగుంది. బల్ల మీద, మంచం మీద, ఎక్కడైనా పలుకుతోంది. కాని ముల్లు కుడి చివరికి తీసుకెళ్తే సన్నగా ఈల వస్తోంది. అచ్చిబాబు ఎడమవైపు సరిచేసి కుడివైపు వదిలేసినట్టున్నాడు. పుస్తకం రెండువైపులా చెయ్యాలంటుంది. విజయవాడ కుడి చివర లేదనుకోండి. అయినా పని పనే.

తీర్మానాలు, కొత్తవి:
1. నా చేత్తోనే.
2. రోజుకి పావుగంట.
3. ట్రంకుపెట్టె పక్కగదిలో.
4. జూన్ 8 తర్వాత ముట్టుకోను.

రూతుకి చదివి వినిపించాను. వంకాయలు తరగడం ఆపకుండా వింది.

"చేసుకోండి. నేను మాత్రం రత్నమాణిక్యం గారికి వస్తానని చెప్పేశానండి. మీకూ కుర్చీ వేయిస్తామన్నారు. పన్నెండింటికల్లా బయల్దేరాలి. చేతిలో ఏది ఉంటే అది అక్కడే వదిలేసి రావాలి, నా పక్కన కూర్చోవాలి" అంది.

అలాగే అన్నాను. దాన్ని ఐదో తీర్మానంగా రాసి, కింద రెండు గీతలు గీశాను. ఇది తప్పను. వాళ్ళమ్మ గొంతు బయటినుంచి వినపడ్డప్పుడు రూతు ముఖం నేను చూడాలి.

7.20. మూత తీశాను.