లైట్‌హౌస్‌కి ఇంకో టికెట్

జూన్ 3, మంగళవారం

వదిన, అంటే ఆయన అక్క, ఫోన్ చేసింది. నెలాఖరులోగా వాళ్లమ్మ ఎడమ చెయ్యి దారికి రాకపోతే తనే వచ్చి తీసుకెళ్లి ఫిజియోథెరపీ సెంటర్‌లో చేరుస్తానంది. అక్కడ నర్సులుంటారట, పొద్దున్నే లేపి ఎక్సర్‌సైజులు చేయిస్తారట. ఫోన్ స్పీకర్‌లో ఉంది. అత్తయ్య అంతా విని గోడవైపు తిరిగి పడుకున్నారు.

పక్షవాతం వచ్చాక అత్తయ్యకి మాట తిరిగొచ్చింది, నడక తిరిగొచ్చింది. ఎడమ చెయ్యే మొరాయిస్తోంది. పిడికిలి బిగించమని ఇచ్చిన రబ్బరు బంతిని మంచం కిందికి దొర్లించేస్తారు. నేను వంగి తీసిస్తాను. మళ్లీ దొర్లిస్తారు. బతిమాలడం నాకు చేతకాదు. ఈ ఇంట్లో నా గొంతు కన్నా కుక్కర్ గొంతే ఎక్కువ వినిపిస్తుంది.

జూన్ 5, గురువారం

ఆయన కొత్త వీడియో గేమ్ కొనుక్కొచ్చారు. నిన్ననే రిలీజ్ అయిందట. అట్ట మీద పడవ, పడవలో ఇద్దరు, దూరంగా వెలుగుతున్న లైట్‌హౌస్. ఇద్దరు కలిసి ఆడాలి. ఒకరిది కుడి తెడ్డు, ఒకరిది ఎడమ తెడ్డు. వేళ్లకి ఏదో ఒక పని దొరికితే చాలని ఫిజియో చెప్పాడట. అందుకని.

అమ్మతో ఆడదామని కూర్చున్నారో లేదో డ్యూటీ ఫోన్. ఆయన లిఫ్టులు రిపేరు చేస్తారు. ఎక్కడో ఎవరో ఇరుక్కున్నారు. కంట్రోలర్ నా ఒళ్లో పడేసి పరుగు.

అత్తయ్య, నేను మిగిలాం. పడవ ఉన్నచోటే గిరగిరా తిరిగింది. అత్తయ్య ఎడమ బొటనవేలు బటన్ మీదికి వెళ్లి జారిపోతోంది. కుడిచేత్తో నొక్కబోయి నావైపు చూశారు. నేను చూడనట్టు కూర్చున్నాను. ఎడమచేత్తోనే నొక్కారు.

జూన్ 9, సోమవారం

రెండు దీవులు దాటాం. అత్తయ్య సిటీ బస్సులో కండక్టరుగా చేసి రిటైరయ్యారు. ఆ గొంతు ఇన్నాళ్లూ ఎక్కడ దాచారో, చేపలు అడ్డమొస్తే ముందుకి జరగండి, ముందు ఖాళీగా ఉంది కదా అని కసురుతున్నారు. నాకు నవ్వొచ్చింది. పైకే నవ్వాను.

గేమ్ మాత్రం అతుకుల బొంత. రేవులో ఒకాయన సగం గోడలో ఇరుక్కుని మాట్లాడతాడు. అత్తయ్య బొమ్మ ఒడ్డున కాలు పెడితే ఒక్కోసారి నేలలోకి దిగిపోయి కనపడకుండా పోతుంది. ఆపి మళ్లీ మొదట్నించి పెట్టాలి. చేసినవాళ్లు దీన్ని ఒక్కసారైనా ఆడి చూశారా అని అత్తయ్య అడిగారు. ఆయన నవ్వి, ముందు అమ్మేస్తారు, తర్వాత బాగుచేస్తారు, ఇప్పుడు అన్నీ ఇంతే అన్నారు. లిఫ్టు కూడా అలాగే పెడతావా అన్నారు అత్తయ్య. ఆయన కంచం దగ్గరికి లాక్కుని అన్నం కలపడం మొదలెట్టారు.

జూన్ 14, శనివారం

ఆరో దీవి దాటాక పొగమంచు. తెడ్లు వేసినకొద్దీ పడవ వెనక్కొచ్చేస్తోంది. మంచు మీద ఇంగ్లీషు అక్షరాలు. నేను చదివింది ఆరో తరగతి. కూడబలుక్కుని చదివాను. కమింగ్ సూన్.

త్వరలో వస్తుందని అర్థమని ఆయన చెప్పారు. చివరి భాగం ఇంకా తయారు కాలేదట. లైట్‌హౌస్ అట్ట మీద ఉందిగా అన్నాను. ఆయన అట్ట తిప్పి చూపించారు. కింద చీమ తలకాయంత అక్షరాల్లో ఏదో ఉంది.

అత్తయ్య ఆయన్ని అడిగిన మాట ఉన్నదున్నట్టు రాస్తున్నాను. "టికెట్ మీద ఊరి పేరు కొట్టి, పొలిమేరలో దించేసేవాణ్ణి ఏమంటార్రా?"

జూన్ 15, ఆదివారం

బంతి మళ్లీ మంచం కిందే ఉంది. నేను తియ్యలేదు.

జూన్ 17, మంగళవారం

దాటేశాం!

అత్తయ్య కనిపెట్టారు. మంచులో ఎడమపక్క రెండు రాళ్లున్నాయి. అత్తయ్య ఎడమ తెడ్డు వెనక్కి లాగి అలాగే పట్టుకోవాలి, వదలకూడదు. నేను కుడి తెడ్డు ముందుకి వెయ్యాలి. పడవ అడ్డం తిరిగి ఆ సందులోంచి జారిపోతుంది. మలుపులో పెద్ద బస్సుని ఇలాగే తిప్పించేదాన్నని, వెనక నిలబడి డ్రైవరుకి రానీ రానీ అని చెప్పేదాన్నని అన్నారు. పొద్దున్నించి పట్టు జారుతూనే ఉంది. మధ్యాహ్నానికి పట్టు నిలిచింది.

మంచు అవతల సముద్రం. సముద్రంలో లైట్‌హౌస్. మెట్లు, కిటికీలు, తలుపుకి గొళ్లెంతో సహా అంతా తయారుగా ఉంది. తలుపు మాత్రం తెరుచుకోలేదు.

అత్తయ్యా నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. తయారు కాలేదన్నారు కదా. మనం కొన్న డిస్కులోనే పెట్టి, ముందు మంచు కప్పారు. కూర వండి గిన్నె మీద మూత పెట్టి దాని మీద కూర్చున్నట్టు.

జూన్ 19, గురువారం

అప్‌డేట్ వచ్చింది. పొద్దున్నించి సాయంత్రం దాకా ఎక్కుతూనే ఉంది. బాగుచేసి ఉంటారని ఎదురుచూశాం.

గోడలో ఇరుక్కున్నాయన ఇంకా గోడలోనే ఉన్నాడు. అత్తయ్య బొమ్మ ఇంకా నేలలోకి దిగిపోతోంది. రాళ్ల సందు ఒక్కటే మూసేశారు. శుభ్రంగా, నున్నగా మూసేశారు. ఆ పని మాత్రం ఎంత బాగా వచ్చో వీళ్లకి.

కమింగ్ సూన్ తీసేసి దాని స్థానంలో కొనండి అనే బటన్ పెట్టారు. చివరి ప్రయాణం, విడిగా అమ్మకానికి.

జూన్ 20, శుక్రవారం

షాపుకి వెళ్లాను. ఒక్కదాన్నే. అత్తయ్యే పంపారు. నోరుంది కదా, బస్సు ఎక్కి వెళ్లి అడుగు అన్నారు. దారిపొడవునా ఒకే మాట మననం చేసుకున్నాను.

కౌంటర్ ముందు లైను. నా వంతు రాగానే గేమ్ కౌంటర్ మీద పెట్టాను. మననం చేసుకున్న మాటే అన్నాను. "ఇది డిస్కులోనే ఉందండీ. లోపల పెట్టి తాళం వేసి అమ్మారు. తాళం తీసి ఇవ్వండి."

షాపతను నవ్వాడు. చెడ్డవాడేం కాదు. సీల్ తీసింది వాపసు తీసుకోరు మేడమ్ అన్నాడు. రిలీజ్ అవ్వగానే ఎవరైనా కొంటారా, ఏడాది ఆగి కొంటే మొత్తం కలిపి సగం ధరకే వచ్చేదిగా అన్నాడు. నా వెనకతను తన గేమ్‌లో గుర్రానికి తోక కూడా విడిగా కొన్నానని చెప్పాడు. అందరూ నవ్వారు.

మొహం మంటలెత్తిపోయింది. బయటికొచ్చాక తెలిసింది, అది సిగ్గు కాదని. ముందే నమ్మి కొన్నవాడు వెర్రివాడు, ఆగినవాడు తెలివైనవాడు. మోసపోయినవాళ్లే లైనులో నిలబడి జోకులేసుకుంటున్నారు. ఆ తోక మాట తలుచుకుంటే ఇప్పటికీ చీదరేస్తోంది.

జూన్ 22, ఆదివారం

ఆయన చెప్పకుండా ఆ చివరి ప్రయాణం కొనేశారు. అమ్మ చెయ్యి ఆగిపోకూడదని. ఏమనను?

మంచు తొలగింది. తెడ్లు వేశాం. లైట్‌హౌస్ తలుపు తెరుచుకుంది. మెట్లెక్కాం. అత్తయ్య బొమ్మ రెండుసార్లు మెట్లలోకి కూరుకుపోయింది. మళ్లీ పెట్టాం, మళ్లీ ఎక్కాం. పైన పెద్ద దీపం. వెలిగించబోతే తెర మీద ఒక డబ్బా అడ్డమొచ్చింది. దీపం విడిగా కొనాలట. మూడు రంగుల్లో దొరుకుతుందట.

అత్తయ్య లేచారు. గోడ దగ్గరికి వెళ్లి ప్లగ్గు పట్టుకుని లాగేశారు. ఆ ప్లగ్గు బిగుసుకుపోయి ఉంటుంది, నాకైతే రెండు చేతులూ కావాలి. ఊడొచ్చాక తెలిసింది, అది అత్తయ్య ఎడమ చేతిలో ఉందని. ఆయన చూశారు. నేను చూశాను. అత్తయ్య చూసుకోలేదు. థూ అని వెళ్లి పడుకున్నారు.

జూన్ 25, బుధవారం

వదిన ఆదివారం వస్తోంది. ప్లగ్గు సంగతి ఆయన చెబితే, ఒక్కసారి లాగినంత మాత్రాన చెయ్యి వచ్చినట్టా అందట. రోజూ పని చెప్పేవాళ్లుండాలంది. అదీ నిజమే.

అత్తయ్య అటక మీది బ్యాగు దించమన్నారు. దించాను. దులిపి ఇచ్చాను. మీరు వెళ్లకండి అనే మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది. షాపతన్ని అడగగలిగాను, ఈవిడని అడగలేకపోతున్నాను.

జూన్ 28, శనివారం

బ్యాగులో రెండు జతల బట్టలు పెట్టారు. బంతి పెట్టలేదు.

నాకు కోపమొచ్చింది. ఎవరి మీదో తెలియదు. వెళ్లి తుడుపుకర్ర తెచ్చి ఆవిడ ఎడమచేతికిచ్చాను. చీపురు నేను తీసుకున్నాను. "దారి మనకి తెలుసు కదా అత్తయ్యా. వాళ్లు మూసింది వాళ్ల సందు" అన్నాను.

అత్తయ్య కాస్త జరిగి మంచం మీద చోటిచ్చారు.

జూన్ 29, ఆదివారం, మధ్యాహ్నం

కిటికీలకి దుప్పట్లు కట్టాం. మంచమే పడవ. ఆయన్ని లైట్‌హౌస్‌గా నిచ్చెన ఎక్కించి టార్చి ఇచ్చాం. అది మాత్రం వెంటనే వెలిగింది. ఎడమ తెడ్డు వెనక్కి లాగి, వదలకుండా పట్టుకుని రాళ్ల మధ్యలోకి వెళ్తుండగా వదిన తలుపు తోసుకుని వచ్చింది. చీకట్లో మంచం, చీపురు, తుడుపుకర్ర, దాని చుట్టూ బిగుసుకున్న వాళ్లమ్మ ఎడమ చెయ్యి. అక్కడే నిలబడిపోయింది.

అత్తయ్య పక్కకి జరిగారు. "ఎక్కమ్మా. ముందు ఖాళీగా ఉంది. టికెట్ లేదు."

ఎక్కింది.