వొల్సున్ అక్క ఈల వినబడనందున

జేజు దీవి తూర్పు తీరం మల్గే గ్రామంలో ఉంటూ, సముద్రంలో మునిగి గుల్లలు ఏరి బతుకుతున్న హ్యోన్ తెక్సున్ అను ముసలిది, వృద్ధుల సంక్షేమ అధికారి గారికి వ్రాసుకొనిన అర్జీ.

విషయం: కొండదారిలోని వృద్ధుల గృహంలో ఉన్న బూ వొల్సున్ గారికి పగలంతా నిద్రమాత్రలు ఇచ్చుట ఆపించి, ఆమె పడకను నేల మీదికి దింపించుట గురించి.

అయ్యా,

(తమరు ఆడవారైతే అమ్మా అని చదువుకొనగలరు. ఆఫీసుకు ఫోను చేసి అడుగుదామనుకొని, ఏమనుకొంటారోనని మానుకొన్నాను.)

మనవి చేసుకొనునది ఏమనగా, నేను చదువుకొన్నదానను కాను. అక్షరాలు ముసలితనంలో మా సంఘం గదిలో నేర్చినవి. తప్పులుంటే నా మీద కోపగించండి గాని వొల్సున్ అక్క మీద వద్దు. అర్జీ పెట్టానని తెలిస్తే ఆమెకు గంజి చల్లారిపోయాక పెడతారేమోనని భయం. అక్కడివారు అలాంటివారు కారు. అయినా భయం.

1. సదరు వొల్సున్ గారు నాకు రక్తసంబంధి కారు. నీళ్లలో జత. మా రేవులో ఎవరూ ఒంటరిగా మునగరు. పైకి తేలిన ప్రతిసారీ బిగబట్టిన ఊపిరిని ఈలగా వదులుతాము. ఎవరి ఈల వారిదే, గొంతు పోల్చినట్టు పోల్చుకొంటాము. జత ఈల విన్నాకే రెండోది మునగవలెను. వినబడకపోతే వలలో ఎంత ఉన్నా వదిలేసి ఆమెను వెతకపోవలెను. ఇది మా కట్టుబాటు. ఈ ఊరికి కోడలిగా వచ్చిన నాటినుండి నేను ఆమె ఈల వింటూ మునిగినదానను.

2. ఆమెకు మతి తప్పగా, ఆమె భర్త మేనల్లుడు సదరు గృహంలో చేర్చినాడు. అతడిని తప్పు పట్టను. ఆమె పొయ్యి ఆర్పడం మరిచిపోయేది. గృహం కూడా శుభ్రమైనదే, దుప్పట్లు ఎండ వాసన వేస్తాయి. అయితే ఆమెకు ఆ మంచమే సముద్రం. దిండును ఈతబుర్రలాగా రొమ్ముకు ఆనించుకొని ఈల వేసేది. నేను బస్సులో పోయి పక్కన కూర్చునేదానను.

"వచ్చావటే? అలలెట్లా ఉన్నాయి?"

"పెద్దవే అక్కా. ఇవాళ పోవద్దు."

"నీ పిరికితనం తగలెయ్య! రాతికి అంటుకున్న నత్తలు కూడా నిన్ను చూసి నవ్వుతాయే. పో, ఒడ్డున కూచుని చలిమంట చూసుకో."

అని ఈల వేసింది. నేను బదులు వేశాను. ఎదుటి మంచం అవ్వ దిగ్గున లేచి, "రైలొచ్చింది! మూటలు సర్దండర్రా!" అని చెప్పులు వెతుక్కొన్నది. మా దీవిలో రైలే లేదు. ఆయాలు కూడా నవ్వారు. అప్పుడు అంతా బాగానే ఉండెను.

3. తదుపరి ఒకనాడు ఆమె మంచం కడ్డీ దాటి మునగబోయినది. కింద పడి తుంటికి దెబ్బ తగిలినది. అప్పటినుండి మాత్రలు. మేనేజరు ఓ గారిని అడిగాను. ఆమె కూడా మా వృత్తివారి కూతురే.

"మా అమ్మా ఆ ఈల వేసినదే పెద్దమ్మా, నాకు తెలీదా? కానీ ఇంకోసారి పడితే ఎముక అతకదు. అప్పుడు మీరే వచ్చి నన్ను తిడతారు."

"మంచం తీసెయ్యి తల్లీ. నేల మీద పరుపు వెయ్యి. పుట్టినప్పటినుంచీ కింద వేడి పారే వెచ్చటి నేల మీద పడుకున్న మనిషి. నేల మీంచి ఇంకెక్కడికి పడుతుంది?"

"మరి వంగి ఎత్తేదెవరు? ఉన్నది ఇద్దరు ఆయాలు, ఇద్దరి నడుములకూ పట్టీలే. ఒకామె మానేస్తానంటోంది. ఆమె మానేస్తే మీ అక్కకు అన్నం పెట్టే దిక్కుండదు."

ఆ మాటకు జవాబు తమరి దగ్గర ఉంటుందని ఈ అర్జీ.

4. ప్రస్తుతం ఆమె లేవడం లేదు. గంజి పెడితే బుగ్గలోనే నిలిచిపోతుంది. వీపు కింద పుండు లేచినది. దిండు జారిపోయినా చేతులు వెతకవు. నేను ఒకసారి ఆగలేక ఆమె చెవి దగ్గర ఈల వేశాను. కనురెప్ప కదిలినది. పెదవులు ముడుచుకొన్నవి. గాలి మాత్రం వచ్చింది, ఈల కాలేదు. ఇంకా గట్టిగా వేశాను. గదిలో అందరూ లేచి ఏడుపులు, అరుపులు. అందువలన ఇతరులకు ఇబ్బంది కలుగుచున్నదని, ఇకమీదట బంధువులు మాత్రమే రావలెనని నా రాక నిలిపివేయబడినది.

మేనల్లుడికి ఫోను చేశాను. "అత్తయ్య ప్రశాంతంగా నిద్రపోతోంది కదా పిన్నీ, ఇంకేం కావాలి?" అన్నాడు. "నీళ్లలో మనిషి ప్రశాంతంగా కనిపించినప్పుడే మేము కేకలు పెడతాం నాయనా" అన్నాను. పనిలో ఉన్నాడట, పెట్టేశాడు.

5. ఐదోది ఏదో అనుకొన్నాను, వ్రాయబోయేసరికి పోయినది. నాకు భయంగా ఉన్నది అనునదే ఐదోదిగా తీసుకొనగలరు.

కావున తమరు దయయుంచి ఒక డాక్టరు గారిని పంపి ఆ మాత్రలు అంత అవసరమా అని చూపించవలెను. నేల మీద పరుపు వేయించవలెను. ఇంకొక ఆయాను ఇప్పించవలెను. ఆలస్యమైతే అంతవరకు నన్ను పనికి పెట్టుకోమనండి. జీతం వద్దు. తడిసిన వల ఇప్పటికీ ఒక్కదాన్నే ఒడ్డుకు లాగుతాను, అక్క అంత బరువు లేదు. ఇప్పుడు అసలే లేదు. ఆమె పడితే బాధ్యత నాదని సంతకం పెడతాను, వేలిముద్ర కూడా వేస్తాను. లోపల ఈల వేయనని కూడా వ్రాసి ఇస్తాను.

మేనేజరు గారిని మందలించవద్దని వేరుగా మనవి. ఆమె కళ్ల కింద నల్లగా ఉన్నది. ఆమె ఉద్యోగం పోతే నాకు అన్నం దిగదు.

ఈ ముసలిదాని మాటలలో అర్జీకి పనికిరానివి తీసివేసి, మిగిలినవి చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
హ్యోన్ తెక్సున్

మరొక మాట: కవరు అంటించినదానను మళ్లీ చింపి వ్రాయుచున్నాను. ఇవాళ ఆ గృహం వెనక గోడ దగ్గరికి పోయాను. వొల్సున్ అక్క కిటికీ కింద నిలబడి ఈల వేశాను. లోపలికి పోలేదు కనుక మాట తప్పినట్టు కాదనుకొన్నాను. బదులు రాలేదు. గాలి అటు ఉన్నదేమోనని ఇటువైపు నిలబడి వేశాను. రాలేదు. ఎవరో వచ్చి చలిగాలి వస్తుందని కిటికీ మూసినారు.

అయ్యా, బదులు రానప్పుడు మేము ఆగము. ఆగడం మాకు ఎవరూ నేర్పలేదు. తమకు చాలా అర్జీలు ఉంటాయి, ఇది చదివేసరికి ఎన్నాళ్లవుతుందో. నేను రేపటినుండి ఆ గోడ దగ్గరే ఉంటాను. వాన వచ్చినా ఫరవాలేదు, తడవడం మాకు కొత్త కాదు. డాక్టరు, పరుపు, ఆయా, అవి తమ వీలును బట్టి చేయండి. ఆ కిటికీ ఒక్కటి కొంచెం తీసి ఉంచమని ఇవాళే ఫోను చేసి చెప్పండి. ఆమె పైకి తేలితే ముందు నా ఈల కోసమే చూస్తుంది.