చేప తల ఎవరి వైపు

గుంటూరు,
శనివారం, 8 మార్చి 2025.

ముఠా మేస్త్రి ఎలీసమ్మ అత్తకి,

నీ మేనల్లుడు సాల్మన్ వందనాలు. మోకాళ్ళ నొప్పి తగ్గిందని, రాత్రిళ్ళు దగ్గు లేకుండా నిద్ర పడుతోందని తలుస్తాను. తలుస్తాను అనే రాయాలి, ఎందుకంటే అడిగే వీలు నువ్వు ఉంచలేదు. ఫోన్ చేస్తే కట్ చేస్తున్నావు. నిన్న సాయంత్రం ఇంటికొస్తే నన్ను చూడగానే చీపురు అందుకున్నావు. అది వాకిలి ఊడవడానికి కాదని నాకు తెలుసు. అందుకే ఈ ఉత్తరం తలుపు కిందనుంచి తోస్తున్నాను. బైబిలు చదివే కళ్ళజోడు పెట్టుకుని ఆఖరిదాకా చదువు. తర్వాత పొయ్యిలో వేసుకో, నాకేం బాధ లేదు.

ముందు నేరం చెప్పి, చేసినవాడి పేరు చెబుతాను. మన సోమవారాన్ని వెంకయ్య దొంగిలించాడు. మన మిర్చి కల్లం యజమాని, ఎగుమతిదారు, మొన్నటిదాకా నేను కూడా గారు తగిలించి పిలిచిన వెంకయ్యే. సోమవారం గోడౌన్‌లో పురుగుమందు కొట్టిస్తున్నాం, తొడిమలు తీసే ఆడాళ్ళెవరూ రావద్దు అని నిన్న గుమస్తా చేత చెప్పించాడు. మందూ లేదు, మాకూ లేదు. ఆ రోజు మీరు కల్లంలో కనపడకూడదు, అంతే. రెండో నేరం, నేను చైనా హోటల్లో తింటున్న ఫోటోని మన పేట ఫోన్లన్నిటికీ ఎక్కించాడు, నా మాట మీరెవరూ వినకుండా. రెండూ ఒకడి పనే.

ఆ ఫోటో చూసి నువ్వేమన్నావో అమ్మ చెప్పింది. కరపత్రాలు పంచిన చేత్తోనే చైనావాళ్ళు తినే పుల్లలు పట్టుకుని వెంకయ్య పక్కన కూర్చున్నాడా, ఒక్క కుడుము పెట్టి మనందర్నీ కొనేశాడు అన్నావట. అమ్మ కూడా నా కంచంలో అన్నం పెట్టి మొహం అటు తిప్పుకుంటోంది. సరే. తిన్నాను. కడుపునిండా తిన్నాను. తిన్నందుకు సిగ్గుపడను. ఎందుకు వెళ్ళానో, అక్కడ ఏం జరిగిందో మాత్రం విను.

వెంకయ్య దగ్గర సరుకు కొనే షాంఘై కంపెనీ తరఫున లిన్ అనే ఆవిడ హైదరాబాదు వచ్చింది. ఒప్పందం రాసుకునే ముందు పనివాళ్ళ మనిషి ఒకరితో మాట్లాడాలన్నది వాళ్ళ కంపెనీ పద్ధతి. కాబట్టి వెంకయ్యకి ఒక పనివాళ్ళ మనిషి కావాల్సి వచ్చాడు. వాడికి నాలుగు ఇంగ్లీషు ముక్కలు రావాలి, పెద్ద హోటలు చూసి మాట పడిపోవాలి. డిగ్రీ మధ్యలో మానేసిన నేను గుర్తొచ్చాను. నీడ, నీళ్ళు, మరుగుదొడ్డి అని నేను అచ్చువేయించిన కరపత్రం చేత్తో పట్టుకునే వచ్చాడు. ఏరా సాల్మన్, ఇవన్నీ ఆ దొరసాని ముందే తేల్చుకుందాం రా అన్నాడు. వెళ్ళాను. నువ్వయితే వెళ్ళేదానివి కాదు. నా లెక్క వేరే. పిలిచినచోటికి మనం వెళ్ళకపోతే మన మాట కూడా వాడే చెబుతాడు.

అది నీ కూతురు షారోన్ పనిచేసే హోటలే అని లిఫ్టు దిగేదాకా నాకు తెలియదు. మెడ దాకా గుండీలున్న ఎర్ర పట్టు గౌను వేసుకుని తలుపు తీసింది. నన్ను చూసి బావా అనబోయి, వెనకాల వెంకయ్యని చూసి, వెల్‌కమ్ సార్ అంది. పుట్టి బుద్ధెరిగాక అది నన్ను సార్ అనడం అదే మొదలు. లోపల తివాచీ ఎంత మెత్తగా ఉందంటే, నా చెప్పులకి కల్లం దుమ్ము ఉందని రెండు అడుగులు పక్కన వేసి నడిచాను. తర్వాత నా మీద నాకే కోపం వచ్చి, నడిమధ్యలోంచి నడిచాను.

గుండ్రటి బల్ల, దాని మీద తిరిగే గాజు పలక. కూరలన్నీ దాని మీద పెడతారు, తిప్పుకుని ఎవరికి కావాల్సింది వాళ్ళు తీసుకోవాలి. ఒకరు తీసుకుంటున్నప్పుడు ఇంకొకరు తిప్పకూడదు. వెంకయ్యకి అది తెలీదు. లిన్ గారు పుల్లలతో ముక్క అందుకునేలోపు ఈయన సర్రున తిప్పేశాడు, ముక్క నా ముందుకొచ్చింది. ముందు ఆవిరి కుడుములు వచ్చాయి. లోపల మాంసం, దాని చుట్టూ మరిగే పులుసు. నేను మన పద్ధతిలో మొత్తం నోట్లో పెట్టుకున్నాను. నాలిక కాలి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అంచు కొరికి పులుసు తాగి అప్పుడు తినాలి బావా అని షారోన్ టీ పోస్తున్నట్టు వంగి చెప్పింది. ఈ ముక్క ముందే చెప్పొచ్చుగా అంటే, నువ్వెప్పుడు ఆగావు అంది.

పంది మాంసం పెట్టారు, ఎర్రగా నిగనిగలాడుతూ. చూస్తే మన మిర్చి రంగే. నోట్లో వేసుకుంటే బెల్లం పాకం. ఒక్క వంటలోనూ కారం లేదత్తా. మీరు పొద్దస్తమానం తుమ్ముతూ, దగ్గుతూ ఒలిచిన మిర్చి ఏదని అడిగాను. లిన్ గారు నవ్వి, షాంఘైలో మేం కారం తినం, మీ మిర్చి లోపలి రాష్ట్రాల వాళ్ళకి వెళుతుంది అంది. మిర్చి వ్యాపారం చేసే వెంకయ్యకి ఇది కూడా తెలియదు. ఈయన మాత్రం స్పైసీ, వెరీ స్పైసీ అని తియ్యటి మాంసాన్ని పొగుడుతున్నాడు.

తర్వాత ఒక పెద్ద చేపని ముక్కలు కొయ్యకుండా అలాగే ఉడికించి తెచ్చారు. షారోన్ దాని తల లిన్ గారి వైపు ఉండేలా పెట్టింది. అప్పుడే వెంకయ్య ఫోన్ తీసి ఒక వీడియో చూపించాడు. తెల్ల పలకలు పరిచిన హాలు, పైన ఫ్యాన్లు, వరసగా కుర్చీలు. ఆడవాళ్ళు తలకి టోపీ, చేతులకి తొడుగులు పెట్టుకుని తొడిమలు తీస్తున్నారు. అవర్ లేడీస్, వెరీ హ్యాపీ లేడీస్ అన్నాడు. వాళ్ళలో నువ్వు లేవు. అమ్మ లేదు. ఎవరిదో షెడ్డు, ఎవరో ఆడవాళ్ళు. పైగా త్వరలో మిషను పెడుతున్నాం అని కూడా కలిపాడు, గొప్పగా ఉంటుందని. లిన్ గారు పుల్లలు కింద పెట్టేసింది. మిషను వద్దు, కాయ చిట్లి గింజ రాలిపోతుంది, చేత్తో తీసిన సరుకే మేం కొంటాం అంది. విన్నావా అత్తా? ఎక్కువ మాట్లాడితే మిషను తెస్తాను, ఇళ్ళకి పోతారు అని ఏళ్ళ తరబడి మనల్ని బెదిరించిన ఆ మిషను, తెచ్చినా అమ్ముకోలేడు.

ఇంక నేను ఆగలేదు. ఈ హాలు మాది కాదన్నాను. మాకు ఎండే పైకప్పు, బయటికి పోవాలంటే తుమ్మచెట్ల చాటే దిక్కు, చెయ్యి కడుక్కోవడానికి కుళాయి లేదు అన్నాను. బర్నింగ్ హ్యాండ్స్ దాకా ఇంగ్లీషు వచ్చింది, తర్వాత ఆగిపోయింది. అప్పుడు షారోన్ అందుకుంది. మా అమ్మ అని మొదలుపెట్టింది. సాయంత్రం ఇంటికొచ్చి మా అమ్మ చేతులు మజ్జిగలో పెట్టుకుంటుంది, పక్కింటి వాళ్ళు పసిబిడ్డని ఎత్తుకోమంటే చేతులు వెనక్కి దాచుకుంటుంది అని చెప్పింది. చేతిలో టీ కూజా అలాగే ఉంది. మేనేజరు దూరం నుంచి వేలు చూపిస్తున్నాడు. అది పట్టించుకోలేదు. నీ కూతురే అని అప్పుడు గుర్తుపట్టాను, గౌను ఏదైతేనేం.

లిన్ గారు గాజు పలక మీద ఒక వేలు పెట్టి నిదానంగా తిప్పింది. చేప తల వచ్చి నా ముందు ఆగింది. నాకు ఒళ్ళు మండింది. వెంకయ్య ఇంటి గృహప్రవేశంలో చేప నడిముక్కలన్నీ బంధువుల విస్తళ్ళలో వేసి, దొడ్లో కూర్చున్న మనకి తలకాయలు, తోకలు పంపలేదూ? చైనాలో కూడా ఇదే వరసా అని లేచి నిలబడ్డాను. మాకు తలలు అక్కర్లేదు, మర్యాద కావాలి అని తెలుగులోనే అరిచాను. బావా, కూర్చో, అదే మర్యాద, తల ఎవరి వైపు పెడితే వాళ్ళే ఆ బల్ల మీద పెద్ద అతిథి అని షారోన్ నా చొక్కా పట్టి లాగింది. కూర్చున్నాను. చెవులు కాలిపోయాయి. లిన్ గారు మాత్రం ఏమీ జరగనట్టు, సోమవారం పది గంటలకి మీ కల్లం చూస్తాను, ఆ ఆడవాళ్ళతో మాట్లాడతాను అంది. వీడియోలో ఉన్నట్టు లేకపోతే, అలా చేయించాకే కొంటాం అని వెంకయ్యతో అంది.

తిరుగుప్రయాణంలో వెంకయ్య, నీకు అన్నం పెట్టాను కదరా అన్నాడు. మా వాళ్ళ చేతుల మీద వచ్చిందే కదా పెట్టావు అన్నాను. తెల్లవారుతుండగా పిడుగురాళ్ల దగ్గర కారు ఆపి దిగమన్నాడు. సున్నం బట్టీల పొగలో నిలబడి బస్సెక్కి వచ్చాను. అమ్ముడుపోయిన మనిషిని దారిలో దించేస్తారా, నువ్వే చెప్పు. నేను ఇల్లు చేరేసరికి మీకు పురుగుమందు సెలవు ప్రకటించేశారు.

ఇప్పుడు సంగతి ఇదీ. సోమవారం లిన్ గారు వచ్చేసరికి కల్లం ఖాళీగా ఉంటే, వెంకయ్య ఆవిడని ఆ తెల్ల హాలుకి తీసుకుపోతాడు. నేను చెప్పింది అబద్ధం అవుతుంది. ముఠా కదలాలంటే నీ మాట ఒక్కటే. నేను పిలిస్తే ఎవరూ రారు, ఆ ఫోటో పుణ్యమా అని. నా మీద కోపం నీ దగ్గరే ఉంచుకో, ఎంతకాలమైనా. సోమవారం ఒక్కరోజు దాన్ని వెంకయ్య మీదికి తిప్పు. కొత్త చీరలు కట్టుకోవద్దు. పనికొచ్చే చీరలే, తలకి చుట్టే తువ్వాళ్ళే.

అన్యాయం ముందు తల వంచని,
నీ మేనల్లుడు
సాల్మన్

తా.క.: ఉత్తరం మడతపెడుతుంటే షారోన్ ఫోన్ చేసింది. నిజం తెలిసింది, రాయకపోతే నేనూ వెంకయ్యలాంటి వాణ్ణే. ఆ ఫోటో పంపింది వెంకయ్య కాదు. తీసింది షారోన్. లిన్ గారు కల్లం చూస్తాననగానే తీసి, మా బావ మా హోటల్లో అని సంబరంగా స్టేటస్ పెట్టుకుందట. మన వీధి శాంతి అది చూసి పేటంతా తిప్పింది. మళ్ళీ ఒకసారి చూడు, అందులో వెంకయ్య నవ్వట్లేదు, పళ్ళు నూరుతున్నాడు. కాబట్టి పైన రాసిన రెండో నేరం వెనక్కి తీసుకుంటున్నాను. మొదటిది తీసుకోను. అతిథుల బల్ల దగ్గర నోరు విప్పినందుకు షారోన్‌ని ఇక పనిలోకి రావద్దన్నారు. అది ఏడవట్లేదు, రేపు సాయంత్రం బస్సెక్కుతోంది. రాగానే తిట్టకు, ముందు అన్నం పెట్టు. లిన్ గారితో మీ మాట ఇంగ్లీషులో చెప్పేది అదే. అందర్నీ తీసుకురా అత్తా. సోమవారం పొద్దున తొమ్మిదింటికి, కల్లం గేటు ముందు.